ఎదురుగా రెండు చిన్న ఫైబర్‌గ్లాస్ పడవలు: ఏది కొనాలో తేల్చుకోవడం ఎలా?

పొడవు దాదాపు ఒకటే, ధర దాదాపు ఒకటే, రెండూ వాడిన పడవలే. ఒకటి అద్దంలా మెరుస్తోంది, సీట్లు కొత్తవి, ఇంజిన్ కూడా కొత్తదే. రెండోది ఎండకు వెలిసిపోయింది, ఇంజిన్ పాతది. ఇలాంటప్పుడు చాలామంది ముందు ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందని అడుగుతారు, తర్వాత సీట్లు చూస్తారు, చివర్లో పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగి బేరం కుదుర్చుకుంటారు. ఈ వరసను తిరగెయ్యాలి. ఔట్‌బోర్డ్ ఇంజిన్ విప్పి ఇంకోటి బిగించడం ఒక రోజు పని. నీరు తాగిన ట్రాన్సమ్‌ను, అంటే ఇంజిన్ వేలాడే వెనక పలకను, మార్చాలంటే సీజన్ మొత్తం పోతుంది. ఫైబర్‌గ్లాస్ కుళ్లదన్న మాట నిజమే. కానీ దాని పొరల మధ్య దాచిన చెక్క కుళ్లుతుంది, డెక్ (నిలబడే నేల పలక) కింద నింపిన ఫోమ్ నీరు పీలుస్తుంది. కాబట్టి రెండు పడవల్ని పోల్చేటప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే: ఉండకూడని చోట నీరు దేనిలో ఉంది?

చూడ్డానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి: టేపు, మంచి టార్చి, చేతి అద్దం, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, వంపు లేని రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ, కంప్రెషన్ గేజ్ (ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది), మల్టీమీటర్, వంపు కొలిచే యాప్ ఉన్న ఫోను. రెండు పడవలకూ ఒకే కాగితం మీద పక్కపక్కన రెండు వరసలు గీసుకుని అంకెలు రాయండి. మర్నాటికి ఏ మెత్తదనం ఏ పడవదో గుర్తుండదు.

పడవ దగ్గరికి వెళ్లకముందే

తిరిగేది చెరువులోనా, నదిలోనా, సముద్రపు పాయలోనా? మామూలు రోజున అల ఎంత ఎత్తు? ఎంతమంది ఎక్కుతారు? ఒడ్డు నుంచి ఎంత దూరం వెళ్తారు? వీటికి జవాబులు రాసుకోండి. ఏడాదికోసారి వచ్చే చుట్టాల గుంపును లెక్కలోకి తీసుకోవద్దు. పదిసార్లలో ఎనిమిదిసార్లు జరిగేదే రాయండి.

తర్వాత బరువు కట్టండి. మనిషికి 75 కిలోల చొప్పున నలుగురు 300 కిలోలు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో దాకా తూగుతుంది కాబట్టి 40 లీటర్లకు 30 కిలోలు. బ్యాటరీ 20. లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, తాగే నీళ్లు కలిపి ఇంకో 40. ఇది 390 కిలోలు. 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ దాదాపు 110 కిలోలుంటుంది. మొత్తం 500.

ఈ అంకెను పడవ లోపల బిగించిన కెపాసిటీ ప్లేటుతో పోల్చండి. ప్లేటు మీద సాధారణంగా రెండు బరువులుంటాయి: ఒకటి మనుషులది మాత్రమే, రెండోది మనుషులు, ఇంజిన్, సామాను అన్నీ కలిపినది. మొదటిది చూసి రెండోదని అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ప్లేటు ఊడిపోయి ఉంటే, 20 అడుగుల లోపు మామూలు పడవకు ఒక మోటు లెక్క ఉంది: పొడవును వెడల్పుతో అడుగుల్లో గుణించి 15తో భాగించండి. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటే 6.4 వస్తుంది, అంటే ఆరుగురు. అది కూడా గాలి లేని, నీరు కదలని రోజు మాటే. అల లేస్తే ఇద్దర్ని తగ్గించండి.

యూరప్‌లో అమ్మిన పడవలకు సీఈ ప్లేటు మీద ఒక అక్షరం ఉంటుంది. ‘సీ’ అంటే బ్యూఫోర్ట్ అనే గాలి కొలతలో 6 బలం దాకా గాలికీ, 2 మీటర్ల దాకా అలకూ తగినది. ‘డీ’ అంటే 4 బలం గాలి, 0.3 మీటర్ల అల. మీరు రాసుకున్న జవాబు సముద్రపు పాయ అయి, ఎదురుగా ఉన్నది ‘డీ’ పడవ అయితే ఎంత అందంగా ఉన్నా దాన్ని అక్కడే వదిలెయ్యండి.

అడుగు ఆకారం: కూర్చునేవాళ్ల నడుం దీనిమీదే

పడవను అమరం వైపు (వెనక నుంచి) చూస్తే, మధ్య వెన్ను నుంచి పక్క అంచుకు అడుగు కొంత వాలుగా పైకి లేస్తుంది. ఈ వాలును డెడ్‌రైజ్ అంటారు. ఫోనును వెన్నుకు అడ్డంగా, ట్రాన్సమ్‌కు ఒక జానెడు ముందు, అడుగు పలకకు ఆనించి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొలవండి. రెండింటి సగటు తీసుకుంటే ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి ఉన్నా ఆ తప్పు కొట్టుకుపోతుంది.

10 డిగ్రీల లోపు వస్తే అది బల్లపరుపు అడుగు. నిలబెట్టినప్పుడు బల్లలా కదలకుండా ఉంటుంది, లోతు తక్కువ నీటిలోనూ పోతుంది, చిన్న ఇంజిన్‌తోనే వేగం అందుకుని నీటి మీదికి లేస్తుంది. కానీ 30 సెంటీమీటర్ల అల వచ్చిందంటే ప్రతి అలకూ దబ్బుమని కొడుతుంది. 12 నుంచి 18 మధ్యస్థం, ఎక్కువమందికి సరిపోయేది ఇదే. 20 నుంచి 24 డిగ్రీలు డీప్-వీ. అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది. బదులుగా ఆగి ఉన్నప్పుడు ఊగుతుంది, లేవడానికి ఎక్కువ బలం అడుగుతుంది, ఎక్కువ పెట్రోలు తాగుతుంది. 1960లో మయామీ-నసావు పందెంలో రే హంట్ గీసిన డీప్-వీ అడుగుతో 31 అడుగుల బెర్‌ట్రమ్ పడవ పెద్ద అలల్లో గెలిచాకే ఈ ఆకారానికి అంత పేరొచ్చింది. అది విశాల సముద్రంలో పెద్ద పడవ చూపిన గుణం. 14 అడుగుల పడవకు 22 డిగ్రీల వాలు పెడితే చెరువులో చేపలు పట్టేవాళ్లు ఒకరు లేచి నిలబడగానే మిగతావాళ్లు అంచులు పట్టుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు పట్టీ తీయండి. వెన్నుకు సమాంతరంగా, అడుగు చివరి మీటరున్నర మీద కింది నుంచి ఆనించండి. ఆ భాగం వంపు లేకుండా తిన్నగా ఉండాలి. మధ్యలో సందు కనిపించి వెనక కొస కిందికి దిగి ఉంటే దాన్ని హుక్ అంటారు. అలాంటి పడవ ముక్కును నీళ్లలోకి తోస్తుంది, వేగం చచ్చిపోతుంది, మలుపులో బెదురుతుంది. వెనక కొస పైకి లేచి ఉంటే రాకర్: వేగం పెరిగే కొద్దీ ముక్కు ఆగకుండా ఎగిరెగిరి పడుతుంది. ట్రైలర్ మీది ఆనింపు పలకలు ట్రాన్సమ్ దాకా లేకుండా ముందే ఆగిపోతే, వెనక వేలాడే ఇంజిన్ బరువుకు ఏళ్ల తరబడి అడుగు వంగి హుక్ పడుతుంది. కాబట్టి పలకలు ఎక్కడ ఆగాయో కూడా చూడండి. 3 మిల్లీమీటర్లకు మించిన సందును మేమైతే లోపంగానే రాసుకుంటాం.

తూకం వేయించండి

చాలామంది చెయ్యనిది ఇదే. ఎక్కువ నిజం చెప్పేదీ ఇదే. పడవను ట్రైలర్‌తో సహా వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. వీలైతే పడవ నీళ్లలో ఉన్న రోజున ఖాళీ ట్రైలర్‌ను విడిగా తూయించండి, లేదా ట్రైలర్ ప్లేటు మీద రాసిన ఖాళీ బరువు తీసుకోండి. తేడాలోంచి ఇంజిన్, బ్యాటరీ, ట్యాంకులో ఉన్న పెట్రోలు, పెట్టెల్లో మిగిలిన సామాను తీసెయ్యండి. వచ్చినదాన్ని తయారీదారు చెప్పిన ఖాళీ పడవ బరువుతో పోల్చండి. 20, 30 కిలోల తేడా మామూలే. ఏ సామానూ చూపించలేని 100 కిలోల తేడా ఉందంటే ఆ పడవ కడుపులో 100 లీటర్ల నీరుందని అర్థం.

ఆ నీరుండేది ఎక్కువగా ఫోమ్‌లో. మునిగినా తేలాలని డెక్ కింద పాలీయురేథేన్ ఫోమ్ పోస్తారు. 2 హార్స్‌పవర్ దాటిన ఔట్‌బోర్డ్ ఉన్న 20 అడుగుల లోపు పడవ, నీరు నిండినా మట్టంగా తేలాలన్నది అమెరికా నియమం కూడా. పొడి ఫోమ్ ఘనమీటరుకు 30 కిలోల పైచిలుకు మాత్రమే. కానీ డెక్ స్క్రూల రంధ్రాల్లోంచి దిగిన వాన నీరు బయటికి దారిలేక అందులోనే నిలిచిపోతే ఏళ్ల మీద గదులు నిండుతూ పోతాయి. అందులో ఐదో వంతు ఘనమీటరు ఫోమ్ సగం నానిందంటే 100 కిలోలు. ఆ బరువంతా అమరం వైపే చేరుతుంది, ముక్కు లేస్తుంది, వెనక అంచు నీటికి దగ్గరవుతుంది. పైగా తేలడానికి పెట్టినదే ముంచే బరువవుతుంది. 1958లో మొదలైన బోస్టన్ వేలర్ పడవల్లో రెండు చర్మాల మధ్య అంతా ఫోమే. 1961లో ఆ కంపెనీ స్థాపకుడు డిక్ ఫిషర్ అలాంటి పడవలో కూర్చునే దాన్ని రంపంతో రెండు ముక్కలుగా కోయించి, అది మునగదని లైఫ్ పత్రిక ఫొటోల్లో చూపించాడు. ఆ గుణం ఆ పద్ధతికి నిజంగానే ఉంది. అయినా పాత పడవను ఆ పేరు చూసి తూకం లేకుండా తీసుకోవద్దు. మునగని పడవ కూడా నానగలదు.

తూకం అనుమానం రేపితే, అమ్మేవారి అనుమతితో డెక్ అతి పల్లంగా ఉన్న చోట, డ్రెయిన్‌కు దగ్గర్లో, ఒక చిన్న మూత రంధ్రం కోసి ఫోమ్ ముక్క తీసి పిండండి. నీళ్లు కారితే ఇక చర్చ లేదు. ఒప్పుకోకపోతే ఆ మాట కూడా కాగితం మీద రాసుకోండి.

చర్మం

పొద్దున్న లేదా సాయంత్రం వాలు వెలుతురులో, ముక్కు దగ్గర కూర్చుని పక్క గోడల వెంట కంటి మట్టంలో చూడండి. సరస్సు మీది ప్రతిబింబంలా గీత సాఫీగా సాగాలి. ఒకచోట వంకర తిరిగితే అక్కడ మరమ్మతు జరిగింది. రంగు తేడా, పక్కనున్న మెరుపుకంటే మందమైన మెరుపు కూడా అదే చెబుతాయి. మరమ్మతు తప్పు కాదు, దాచడం తప్పు. ఆ చోట లోపలి వైపు కొత్త ఫైబర్ పొరలు వెడల్పుగా, పల్చబడుతూ పరిచి ఉంటే మంచి పని. ఒక్క పుట్టీ ముద్ద ఉంటే చెడ్డ పని.

పైపొర అయిన జెల్‌కోట్ అర మిల్లీమీటరు అటూఇటూ మందమే. దాని పగుళ్లను చదవడం వస్తే సగం చరిత్ర తెలుస్తుంది. ఒక బిందువు నుంచి నక్షత్రంలా విచ్చుకున్నవి దెబ్బ తగిలినవి. మూలల్లో, స్ట్రింగర్ల (అడుగున పొడవునా సాగే దూలాల) మీద ఒకదాని పక్కన ఒకటి వరసగా సాగేవి అక్కడ పలక వంగుతోందని చెబుతాయి, ఇవే ఆలోచించాల్సినవి. దిశ లేకుండా డెక్ అంతా పాకిన సన్నని గీతలు జెల్‌కోట్ మరీ మందంగా కొట్టినందువల్ల వచ్చేవి, చూడ్డానికి బాగోవు గానీ బలానికి చేటు తక్కువ. అడుగున చిన్న బుడిపెలుంటే కళ్లద్దాలు పెట్టుకుని ఒకదాన్ని పొడవండి. పుల్లటి వాసనతో జిగురు నీరు చిమ్మితే అది ఆస్మాటిక్ బ్లిస్టర్: నీరు జెల్‌కోట్‌లోంచి మెల్లగా ఇంకి, పాలిస్టర్ రెజిన్‌లో కరిగేవాటిని కరిగించి, ఆ ద్రవం ఇంకా నీరు లాక్కుంటూ పొరను ఉబ్బిస్తుంది. ఏడాదంతా నీటిలోనే కట్టేసి ఉంచిన పడవల్లో ఇది ఎక్కువ. చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉంటే బేరానికి పనికొస్తాయి. వందలుంటే వదులుకోవడం మేలు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. ప్రతి అరచేతి దూరానికీ ఒక దెబ్బ, ట్రాన్సమ్, డెక్, అడుగు అన్నీ. టకటకమని గట్టిగా మోగితే పొరలు అతుక్కునే ఉన్నాయి. ఒకచోట హఠాత్తుగా డబ్ అని మొద్దుగా వినిపిస్తే పొరలు విడిపోయాయి, లేదా లోపల తడి. ఆ చోటి చుట్టూ చెరిగిపోయే చాక్‌తో గీత గీయండి. గీసిన ఆకారం ఎంత పెద్దదో చూస్తే మీకే తెలుస్తుంది. తేమ మీటరు ఉంటే అదీ పెట్టండి, కానీ దాని అంకెను నేరుగా నమ్మవద్దు. రాగి కలిసిన అడుగు రంగు, లోపలున్న ట్యాంకు, బోల్టు దాన్ని ఎక్కువ చూపిస్తాయి. ఒకే పడవలో ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న తేడానే చూడండి.

ట్రాన్సమ్: దీనికి గంట కేటాయించండి

మామూలు చిన్న పడవ ట్రాన్సమ్ అంటే రెండు పొరల ప్లైవుడ్, దాదాపు 38 మిల్లీమీటర్ల మందం, దానికి లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ తొడుగు. ఇంజిన్ బరువు, తోపు రెండూ దీని మీదే. పైగా పడవలో ఎక్కువ రంధ్రాలున్నదీ దీనికే: ఇంజిన్ బోల్టులు, డ్రెయిన్ గొట్టం, లోతు చూపే ట్రాన్స్‌డ్యూసర్ స్క్రూలు, నిచ్చెన, ట్రిమ్ ట్యాబులు. సీలెంట్ లేకుండా నీటి గీత కింద బిగించిన ఒక్క స్క్రూ చాలు, చెక్క కింది నుంచి పైకి నానుతూ పోతుంది.

ముందు ఇంజిన్‌ను సగం పైకి లేపి, దాని కింది భాగం మీద మీ బరువు మోపి మెల్లగా కిందికి నొక్కి వదలండి. ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచును, మోటార్ వెల్ (ఇంజిన్ ముందుండే గుంట) మూలల్ని చూస్తూ ఉండాలి. పై అంచు కదిలినా, మూలల్లో పగులు తెరుచుకుని మూసుకున్నా లోపల చెక్క పోయింది. రెండోది, ఇంజిన్ బోల్టుల వాషర్లు, క్లాంప్ బిళ్లలు చూడండి. అవి ఫైబర్‌లోకి దిగబడి ఉంటే లోపలి చెక్క మెత్తబడి నలిగింది. మూడోది, డ్రెయిన్ ప్లగ్ తీసి, ఇత్తడి గొట్టం అంచు దగ్గర సన్నని మొనతో గుచ్చండి. ఆరోగ్యమైన ప్లైవుడ్‌లో మొన దిగదు. నాలుగోది, అన్నిటికన్నా కింద ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ స్క్రూ ఒకటి విప్పండి. గోధుమరంగు నీరు కారితే సమాధానం దొరికింది.

ఇవన్నీ చూశాక కూడా ఎటూ తేలకపోతే, అనుమతి తీసుకుని లోపలి వైపు నుంచి, నీరు చేరే అట్టడుగు గుంట అయిన బిల్జ్‌కు దగ్గరగా 4 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం వేయండి. బయటి చర్మం దాకా పోకుండా బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. లేత రంగు పొడి రజను వస్తే చెక్క బాగుంది. నల్లగా, ముద్దగా, బిట్‌కు అంటుకుంటే కుళ్లింది. ఎలా వచ్చినా ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చిపెట్టండి.

కుళ్లిన ట్రాన్సమ్ బాగుచేయడమంటే ఏమిటో తెలిస్తేనే ఇంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. ఇంజిన్ దించాలి, డెక్ వెనక భాగం కోయాలి, లోపలి చర్మం తీసి కుళ్లిన చెక్కంతా గోకాలి, బయటి చర్మాన్ని రోజుల తరబడి ఆరబెట్టాలి. కొత్త ప్లైవుడ్‌ను రెజిన్‌తో అతికించి, క్లాంపులతో బిగించి, పక్క గోడలకు ఫైబర్ పొరలు వేసి, మళ్లీ డెక్ మూయాలి. చెయ్యి తిరిగినవాళ్లకే వారాలు పడుతుంది. ట్రాన్సమ్ ఒక్క చోట తడిసిందంటే స్ట్రింగర్ల వెనక కొసలు కూడా తడిసి ఉండటం చాలా సాధారణం, ఎందుకంటే అవి దాన్నే ఆనుకుని ఉంటాయి. “అసలు చెక్కే లేదు” అని చెప్పే పడవలకు కూడా ఈ పరీక్షలన్నీ చేయండి. వాటిలో కుళ్లు రాదు గానీ నీరు దిగి పొరలు విడిపోవడం ఉంటుంది.

డెక్, స్ట్రింగర్లు

చెప్పులు విప్పి డెక్ అంతా మడమ మీద బరువేస్తూ నడవండి. సీటు కాళ్ల దగ్గర, నడిపేవారు నిలబడే చోట, మోటార్ వెల్ ముందు, మెత్తదనం ఉంటే కాలికి తగులుతుంది. ఒక సీటు స్క్రూను బిగించి చూడండి, పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటే కింద చెక్క లేదు. డెక్ ఒక్కటే అయితే మార్చుకోవచ్చు. స్ట్రింగర్లు మెత్తబడితే పడవ అడుగే వంగుతుంది. బిల్జ్‌లోకి అద్దం, టార్చి పెట్టి అవి అడుగుతో కలిసే మూలలో పగులు ఉందేమో చూడండి. తట్టండి. గొట్టాలు, తీగలు స్ట్రింగర్లోంచి పోయే రంధ్రాల అంచులు సీల్ చేయకుండా వదిలేసి ఉంటే కుళ్లు అక్కడే మొదలవుతుంది, మొన గుచ్చి చూడాల్సిందీ అక్కడే.

ఇంజిన్

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. మూత మీద చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడెక్కించి ఉంచితే చల్లని స్టార్టింగ్ లోపం దాక్కుంటుంది. కింది గేర్ భాగంలోంచి నూనె ప్లగ్ కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు తీయండి: మజ్జిగలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు దిగింది. ప్లగ్ అయస్కాంతానికి సన్నని బూడిద ముద్ద మామూలు, పొలుసులు కాదు.

కంప్రెషన్ కొలిచేటప్పుడు స్పార్క్ ప్లగ్‌లన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కిల్ స్విచ్ తాడు లాగేసి, నిండు బ్యాటరీతో తిప్పండి. అంకె ఎంతన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. నీళ్ల గొట్టం పెట్టి స్టార్ట్ చేశాక పక్క నుంచి సన్నని ధార ఆగకుండా రావాలి. ధార నీరసంగా ఉంటే చాలాసార్లు కారణం పంపులోని రబ్బరు ఇంపెల్లరే, చవకగా పోతుంది. కానీ దాన్ని ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతే ఈ ఇంజిన్‌ను ఎవరూ పట్టించుకోలేదని లెక్క. ఉప్పునీటిలో నడిపితే ఏడాదికో, రెండేళ్లకో అది మారాలి.

షాఫ్ట్ పొడవు ట్రాన్సమ్ ఎత్తుకు సరిపోవాలి. పొట్టి షాఫ్ట్ 15 అంగుళాల ట్రాన్సమ్‌కు, పొడవుది 20 అంగుళాలకు. పడవ కింద పట్టీ ఆనించి చూస్తే ప్రొపెల్లర్ పైనున్న అడ్డపలక అడుగుతో దాదాపు సమంగా రావాలి. మరీ పైకుంటే మలుపులో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఉట్టినే తిరుగుతుంది, మరీ కిందకుంటే ఈడ్పు పెరుగుతుంది.

బలం విషయానికొస్తే, ప్లేటు అనుమతించిన గరిష్ఠ హార్స్‌పవర్‌లో 60 నుంచి 90 శాతం మధ్య ఉన్న పడవను ఎంచుకోండి. సగం కంటే తక్కువ ఉన్నది నిండుగా ఎక్కినప్పుడు నీటి మీదికి లేవక, ఎప్పుడూ ఫుల్ థ్రాటిల్‌లోనే నడుస్తూ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. 50 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 16 నుంచి 19 లీటర్లు తాగుతుంది. టూ స్ట్రోక్ కాలం నాటి పడవకు బరువైన ఫోర్ స్ట్రోక్ బిగించి ఉంటే, నీటిలో దించాక వెనక డ్రెయిన్ రంధ్రాలు నీటి గీత కిందికి పోయాయేమో తప్పక చూడండి.

రెండింటిలో ఒకటి ఔట్‌బోర్డ్, ఇంకొకటి స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ పడవ లోపల, ప్రొపెల్లర్ కాలు వెనక బయట ఉండేది) అయితే, ఉప్పునీటికి, చిన్న పడవకు ఔట్‌బోర్డే మా ఎంపిక. స్టెర్న్‌డ్రైవ్‌లో ట్రాన్సమ్‌ను దాటే రబ్బరు ముడతల గొట్టం (బెలోస్) చిరిగితే నీరు నేరుగా పడవలోకే వస్తుంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డులను ఉప్పు లోపల్నుంచి తినేస్తుంది. మూసిన గదిలో పెట్రోలు ఆవిరి చేరుతుంది కాబట్టి స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పాల్సిందే.

నీటిలో

రెండు పడవల్నీ వీలైతే ఒకే రోజు, ఒకే మనుషులతో, సగం ట్యాంకుతో నడపండి. దించగానే నడపకండి. పదిహేను నిమిషాలు కట్టేసి ఉంచి బిల్జ్ చూడండి. ఇద్దర్ని వెనక మూలలో నిలబెట్టి అమరం అంచుకూ నీటికీ మధ్య ఎత్తు కొలవండి. రెండు పడవల్లో ఎక్కువ మిగిలినదానికి మార్కు వేయండి.

తర్వాత నిలుపు నుంచి ఫుల్ థ్రాటిల్‌కు వెళ్లి పడవ నీటి మీదికి లేవడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టండి. ఐదారు సెకన్లు బాగు. పది దాటి ముక్కు ఆకాశం చూస్తూ ఉండిపోతే బలం చాలదు, లేదా ప్రొపెల్లర్ తప్పు, లేదా మీరు తూకంలో పట్టుకోలేకపోయిన నీరు. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం ఎంతో రాయండి. ఇంజిన్ పుస్తకంలో 5,000 నుంచి 6,000 అని ఉంటే నిండు బరువుతో కూడా పై సగంలో ఉండాలి. తక్కువ వస్తే ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు నెట్టే దూరం, ఎక్కువైంది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

వేగం సరిగానే ఉందా అన్నది లెక్కతో తేల్చవచ్చు. 5,500 ఆర్‌పీఎం, గేర్ నిష్పత్తి 2, పిచ్ 15 అంగుళాలు అనుకోండి. ప్రొపెల్లర్ నిమిషానికి 2,750 సార్లు తిరుగుతుంది, చుట్టుకు 15 అంగుళాలంటే గంటకు దాదాపు 63 కిలోమీటర్లు. నీటిలో జారుడు కింద 10 నుంచి 20 శాతం పోతుంది కాబట్టి ఫోను జీపీఎస్‌లో 50 నుంచి 57 మధ్య చూపించాలి. 42 చూపించిందంటే అడుగు వంకరో, నాచో, లోపలి నీటి బరువో, ప్రొపెల్లర్ హబ్ జారడమో ఉంది. రెండు పడవల జారుడు శాతాలను పక్కపక్కన పెట్టి చూస్తే, సీట్ల మెరుపు చెప్పనిది అది చెబుతుంది.

చివర్లో అలకు ఎదురుగా, అలకు అడ్డంగా, అల వెనక నుంచి తరుముతుండగా మూడు దిక్కులా నడపండి. ఒడ్డుకొచ్చాక మళ్లీ బిల్జ్ తెరవండి.

ట్రైలర్, తీగల సంగతి త్వరగా ముగించవచ్చు. టైరు పక్క గోడ మీది నాలుగంకెల్లో చివరి రెండు అది తయారైన సంవత్సరం, ఆరేళ్లు దాటితే మార్చాల్సినదే. పది కిలోమీటర్లు లాగాక చక్రం మధ్య భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బేరింగులు పోయాయి. బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ తిరుగుతుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. పెట్రోలు గొట్టాన్ని వంచితే పగుళ్లు కనిపించకూడదు. డెక్ కింద పాతిన ట్యాంకు అయితే దాని మూత తెరిచి వాసన చూడండి. బిల్జ్‌లో పెట్రోలు వాసన వస్తే ఆ పడవను స్టార్ట్ చేయనివ్వకండి.

ఇక తేల్చడం

ముందు ట్రాన్సమ్ కుడి వెనక మూలలో చెక్కిన హల్ నంబరును కాగితాలతో సరిచూడండి. అమెరికా పడవలకు 1972 నుంచి 12 అక్షరాలు, అంకెలు ఉంటాయి. 1984 తర్వాతివాటిలో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. నంబరు గీకేసి ఉంటే అక్కడితో వెనుదిరగండి.

మార్కులన్నీ కూడి పెద్ద మొత్తం వచ్చినదాన్ని కొనకండి. మంచి సీట్లకు వచ్చిన మార్కులు కుళ్లిన ట్రాన్సమ్ మార్కుల్ని పూడ్చేస్తాయి. దానికి బదులు కొట్టివేత పద్ధతి పాటించండి: ట్రాన్సమ్ కదిలినా, స్ట్రింగర్ మెత్తబడినా, తూకంలో లెక్క తేలని 100 కిలోలు ఉన్నా, మీ నీటికి సరిపడని అడుగైనా ఆ పడవ పోటీలోంచి బయటికి. మిగిలినదానికే ఇంజిన్, సీట్లు, ట్రైలర్ లెక్క కట్టండి.

మొదట చెప్పుకున్న రెండింటికే వద్దాం. మెరిసేది తూకంలో 120 కిలోలు ఎక్కువ తూగింది, డ్రెయిన్ గొట్టం దగ్గర మొన దిగింది. వెలిసింది బరువు సరిగ్గా ఉంది, ట్రాన్సమ్ రాయిలా ఉంది, కానీ ఒక సిలిండర్ కంప్రెషన్ 20 శాతం తక్కువ. వెలిసినదాన్ని, ఇంజిన్ పనికిరాదన్న ధరకు, కొనండి. రెండూ ట్రాన్సమ్ పరీక్షలో పోతే మూడోదాన్ని వెతకండి. రెండూ నెగ్గితే నీటిలో వెనక అంచు ఎత్తు ఎక్కువ మిగిలినదాన్ని తీసుకోండి.

తెచ్చుకున్న మొదటి వారంలోనే ట్రాన్సమ్‌లో నీటి గీత కిందున్న ప్రతి స్క్రూనూ విప్పండి. రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేసి, ఆరబెట్టి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక కొత్తగా రంధ్రం వేసి, మెరైన్ సీలెంట్‌తో బిగించండి. పడవను ఆపి ఉంచేటప్పుడు ట్రైలర్ ముక్కు ఎత్తి, డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచండి. ఆ ప్లగ్‌ను స్టీరింగ్‌కో, తాళంచెవికో కట్టెయ్యండి, అది లేకుండా నీటిలోకి దించే పొరపాటు జరగకుండా.